సమ్మె శిబిరంలో శుభలేఖలు

2022 మార్చి 28, 29 తేదీల్లో దేశమంతా సమ్మె. బ్యాంకు వాళ్లతో పాటు పోస్టాఫీసుల వాళ్లూ దిగారు. ప్రైవేటీకరణ మీద వాళ్ల గొడవ న్యాయమైనదే, నేను కాదనను. కానీ ఆ ముందు రోజు ఆదివారం, ఆ వారంలోనే ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31, ఏప్రిల్ రెండో తేదీన ఉగాది, దాని వెనకే మా మేనకోడలి పెళ్లి.

పన్ను మిగులుతుందని ఆఖరి వారం దాకా ఆగి పీపీఎఫ్ పొదుపు ఖాతాలో డబ్బు కట్టే పెద్దమనుషులు మూసిన గేటు ముందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా మేడ మీద అద్దెకుండే కుర్రాడి పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో ఎక్కడో ఆగింది. వాళ్ల బాధ వాళ్లది. మా బావగారి బల్ల మీద మాత్రం పోస్టుకు సిద్ధమైన శుభలేఖల కట్ట ఉంది.

"వాట్సాప్‌లో పంపేయండి బావగారూ" అన్నాను.

"నాలుగు మూలలా పసుపు నువ్వు పూస్తావా అందులో?" అన్నారు.

దగ్గరి చుట్టాలకు బొట్టు పెట్టి పిలవడం ఎలాగూ అయిపోయింది. మిగిలింది పోస్టు కోటా: పాత ఆఫీసు స్నేహితులు, అలకలకు అవకాశం ఉన్న దూరపు బంధువులు. ఊళ్లో కార్డులన్నీ మా మేనల్లుడికిచ్చి బండి మీద తరిమారు.

గుంటూరులో అడ్రసు వెతకడం కాగితం మీద బహు తేలిక. 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. చిక్కల్లా బ్రాడీపేటలో ఒక 4/7, శంకర్ విలాస్ వంతెన దాటితే అరండల్‌పేటలో ఇంకొక 4/7 ఉండటమే. పిన్ కోడ్ చూసి తేల్చుకుందామా అంటే రెండింటికీ 522002. మా బావగారేమో ఏళ్ల తరబడి పేట పేరు రాయకుండానే నెట్టుకొస్తున్నారు. "పోస్ట్‌మ్యాన్‌కు తెలుసులేవోయ్" అనేది ఆయన సిద్ధాంతం. ఆ తెలిసినాయన ఇప్పుడు టెంటు కింద ఉన్నాడు.

సాయంత్రానికి కట్ట ఖాళీ చేసుకుని మావాడు ఈల వేసుకుంటూ వచ్చాడు. రాత్రి బావగారికి ఫోన్. "శుభలేఖ అందిందండీ. గుర్తుపెట్టుకుని పిలిచారు, చాలా సంతోషం. సకుటుంబంగా వస్తాం!" పేరు సుబ్బారావే. గొంతు మాత్రం పాతికేళ్లు పక్క కుర్చీలో కూర్చున్న సుబ్బారావుది కాదు. గుంటూరులో సుబ్బారావులకు కరువా?

మర్నాడు పొద్దున్నే సమ్మె శిబిరానికి వెళ్లాం. మా పోస్ట్‌మ్యాన్ ముందు వరసలో పిడికిలి బిగించి నినాదం ఇస్తున్నాడు. మమ్మల్ని చూడగానే పిడికిలి దించకుండానే, "మీ ఏటీఎం కార్డు వచ్చిందండీ, బుధవారం ఇస్తా" అని, మళ్లీ "జిందాబాద్" అందుకున్నాడు.

బావగారు, పంచిన అడ్రసులు సరిచూడమని కాగితం చాపారు. పోస్ట్‌మ్యాన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"సమ్మెలో ఉన్నాం, కాగితం ముట్టుకోనండీ. మీరు చదవండి, నేను నోటితో చెప్తా."

బావగారు చదవడం, ఆయన నినాదానికీ నినాదానికీ మధ్య తీర్పు చెప్పడం. "వీరు ఇల్లు మారారు, ఇప్పుడు కొరిటెపాడు... వర్ధిల్లాలి!... వీరు అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లారు, జూన్‌లో గానీ రారు... సాధిస్తాం!... వీరు పోయి రెండేళ్లయిందండీ." బావగారు ఆ పేరు కొట్టేసి, నిరుడు ఆయనకు పంపిన గ్రీటింగ్ కార్డు ఏమైందని అడగబోయి ఊరుకున్నారు.

చివరికి అసలు సంగతి బయటపెట్టారు. "మరి ఆ అరండల్‌పేట సుబ్బారావుగారు..."

పోస్ట్‌మ్యాన్ మొహం విప్పారింది. "ఆయనా? బంగారం లాంటి మనిషండీ. పిలిచిన పెళ్లి ఒక్కటీ వదలరు. కోడళ్లు, మనవలతో కలిపి ఏడుగురు. పెద్దాయనకు షుగరు, స్వీటు మాత్రం వడ్డించకండి."

బావగారు అక్కడే నిలబడి వంటాయనకు ఫోన్ చేసి ఏడు విస్తళ్లు పెంచమన్నారు.