ఆ అన్నం పేజీలు దాటేస్తే ఏమి చదివినట్టు?

నిన్న సాయంత్రం మా పుస్తక సమావేశంలో ఒక మిత్రుడు, ‘హోంగ్‌లౌ మెంగ్’ అనే చీనా నవలలో విందుల పేజీలన్నీ దాటవేసి చదివానని, అయినా కథ ఎక్కడా తెగలేదని నిబ్బరంగా చెప్పగా, నలుగురైదుగురు తలలూపారు. ఆ తలూపుళ్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ మండిపోతోంది.

ఆ పేజీలు తీసేస్తే ల్యూ అవ్వ ఎక్కడ మిగులుతుంది? పల్లె నుంచి వచ్చిన ఆ ముసలమ్మ 39వ అధ్యాయంలో, నవలకు కేంద్రమైన సంపన్నులు జ్యా వారింటి పీతల విందుకు ఇరవై ల్యాంగ్‌లకు (ల్యాంగ్ అంటే చీనా వెండి తూకపు కొలత) పైగా వెండి ఖర్చయి ఉంటుందని నోటిలెక్క వేసి, ఆ ఒక్క పూట సొమ్ముతో తమబోటి రైతు కుటుంబం ఏడాది గడుపుతుందని అంటుంది. 41వ అధ్యాయంలో వంకాయ నోట్లో పెట్టుకుని, అది వంకాయంటే నమ్మదు. కోడి కొవ్వులో వేయించి, కోడి మాంసం, పుట్టగొడుగులు, వెదురు మొలకలు కలిపి, కోడి రసంలో ఉడికించారని విన్నాక, ఒక్క కూరకు పది కోళ్లా అని బుద్ధుణ్ణి తలచుకుంటుంది. పొలం దున్నే మనిషి వంకాయనే గుర్తుపట్టలేకపోవడం కంటే ఆ రెండు బతుకుల మధ్య దూరాన్ని ఇంకెలా చెప్పాలి?

ఇక 75వ అధ్యాయం చూడండి. ఇంటి పెద్దావిడ భోజనాల వేళ, మనవడి భార్య వరసైన ఆవిడకు మామూలు తెల్లన్నం వడ్డించడం గమనించి అడిగితే, మేలిరకం అన్నం అయిపోయిందని, ఇప్పుడు తలకొలత చూసి టోపీ కుట్టినట్టు మనుషులను లెక్కపెట్టి వండుతున్నారని, కరువు, వరదల వల్ల పొలాల నుంచి బియ్యం సరిగా రావడం లేదని చెబుతారు. ఆ ఇల్లు కూలబోతోందని అన్నం గిన్నె చెప్పింది. ఆ గిన్నెనే మా మిత్రుడు దాటేశాడు. 1728లో ఆస్తులు జప్తయిన ఇంట పెరిగి, ఇంటిల్లిపాదీ గంజి తాగుతున్నారని స్నేహితుడు దున్‌చెంగ్ కవితలో రాసేంత పేదరికం చూసిన ఈ నవలా రచయిత త్సావ్ షువేచిన్, ఆ కోళ్ల లెక్క ఊసుపోక రాశాడా?

ఈ బాధ నాకు కొత్త కాదు. కొన్నేళ్ల క్రితం ‘షుయ్‌హు జువాన్’ అనే మరో చీనా నవల మీద నేను రాసిన వ్యాసంలో, పులిని చంపబోయే ముందు అందులోని వీరుడు వూ సుంగ్ సత్రంలో నాలుగు చిన్‌ల (చిన్ కూడా చీనా తూకపు కొలతే) గొడ్డు మాంసం తిని పద్దెనిమిది గిన్నెల సారా తాగిన ఘట్టాన్ని, ఇది వంటల శీర్షిక కాదంటూ ఒక సంపాదకుడు కొట్టివేశాడు. దుక్కిటెద్దును చంపడం నేరమైన రాజ్యంలో ఆ మాంసం బాహాటంగా బల్ల మీదికి వచ్చిందంటే, అక్కడ రాజు మాట చెల్లడం లేదని అర్థం. నా వ్యాసంలో అసలు విషయం అదే.