మొద్దు తీసే మనిషి దగ్గర బేరమాడకండి

ఇంట్లో చెట్టు కొట్టించారని తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా వీధిలో తలా ఒక సలహా పట్టుకొస్తారు. నేలలో మిగిలిన మొద్దు మీద యాసిడ్ పొయ్యండి అంటారొకరు. బొక్కలు పెట్టి కల్లుప్పు దట్టించండి అంటారింకొకరు. మైలుతుత్తం, డీజిలు, పాత టైరు, చివరికి ఇంగువ కూడా. ఎవరు ఏం చెప్పినా చివర్లో అందరూ కలిసే మాట ఒకటుంది: మనిషిని పెట్టి మొద్దు తవ్వించడం డబ్బు దండగ అని. నా కోపమంతా ఆ మాట మీదే. ఇది కాస్త పొడుగు పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

ముందు యాసిడ్ సంగతి. బాత్రూం కడిగే యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది సిమెంటును తింటుంది, ఇనుమును తింటుంది. వేప మొద్దును మాత్రం కరిగించలేదు. పైన కాస్త రంగు మారుతుంది, ముక్కు పగిలే ఘాటు వస్తుంది, మిగిలిందంతా నేలలోకి దిగుతుంది. మన ఇళ్లలో చెట్టుకి పక్కనే ఏముంటాయి? కాంపౌండ్ గోడ పునాది, నీళ్ల పైపు, ఎర్తింగ్ గొయ్యి. అన్నిటికీ చేటే.

ఉప్పు ఇంకా అన్యాయం. గుంటూరు చుట్టుపక్కల చాలా భాగం నల్లరేగడి. అసలే బంక నేల. దానికి ఉప్పు ఎక్కువైతే మట్టి రేణువులు విడిపోయి నీళ్లు కిందికి ఇంకకుండా అయిపోతుంది. తడిస్తే జిగట, ఎండితే రాయి. మొద్దు చచ్చేలోపు పక్కనున్న కరివేపాకు చస్తుంది. పోసిన ఉప్పు ఎక్కడికీ పోదు, ప్రతి వానకీ ఇంకాస్త పక్కకి పాకుతుంది. అసలే బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని వీధంతా గోల పెట్టుకుంటూ, మన చేతులతో మనమే బస్తా ఉప్పు నేలకి తినిపించడం ఏమిటి?

నిప్పు పెట్టేవాళ్లకి ఒక్క మాట. మొద్దు పైన మంట ఆరినా లోపల వేళ్ల వెంట నిప్పు నివురుగప్పి రోజుల తరబడి పాకుతుంది. అది ఎక్కడ తేలుతుందో మీకు తెలీదు, పక్కింటివాళ్లకి అసలే తెలీదు. టైరు వేసి కాల్చారంటే ఆ నల్లటి పొగ పీల్చేది మీ వీధిలో పిల్లలే.

అసలు మొద్దు తియ్యాలా వద్దా అనేది కూడా ఎవరూ ఆలోచించడం లేదు. 2021లో మన రెండు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎర్రగా మాడిపోతూ వచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు. కంగారు పడకండి, చెట్లు మళ్లీ చిగురిస్తాయి, కొట్టకండి అని శాస్త్రవేత్తలు అప్పుడే చెప్పారు. చాలా చెట్లు చిగురించాయి కూడా. కానీ ఎండిపోయిందనుకుని కొట్టేసినవి ఎన్నో. 2018లో వేపను రాష్ట్ర వృక్షంగా ప్రకటించుకున్న మనమే ఈ పని చేశాం. చెట్టు బతికుందో లేదో తెలుసుకోవడానికి గోరు చాలు. బెరడును కాస్త గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే అది చావలేదు. అంతదాకా ఎందుకు, కొట్టేసిన వేప మొదలు నుంచి కూడా పిలకలు వస్తాయి. వాటిలో బలమైనది ఒక్కటి ఉంచి మిగతావి తుంచేస్తే, కింద సిద్ధంగా ఉన్న వేళ్ల బలంతో గబగబా లేస్తుంది. కొత్త మొక్క దానికి ఎక్కడ సాటి వస్తుంది? చోటుంటే ఆ పని చెయ్యండి, మొద్దు గొడవే ఉండదు. కొబ్బరికి మాత్రం ఇది వర్తించదు. దాని మొవ్వు పోతే ప్రాణం పోయినట్టే. పైగా కుళ్లిన కొబ్బరి మొద్దులో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి, పిల్లలు లేచి, ఊళ్లో బతికున్న కొబ్బరిచెట్ల మొవ్వుల మీద పడుతుంది. అందుకని కొబ్బరి మొద్దును మాత్రం వదిలెయ్యకండి.

నిలబడి ఉన్న చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది. కొన్ని రకాలకి మినహాయింపు ఉంది, మీ చెట్టు అందులో ఉందో లేదో కనుక్కోండి. ఇంతకంటే దాని గురించి ఇక్కడ చెప్పను.

ఇప్పుడు అసలు పని. మా కొరిటెపాడు ఇంట్లో వెనకవైపు వేపచెట్టు గాలికి ఒరిగి గోడ మీద వాలింది. కరెంటు తీగలకి అడ్డమని ఏళ్ల తరబడి ఒకే వైపు కొమ్మలు నరుక్కుంటూ పోతే బరువంతా రెండో వైపే పడుతుంది, ఒరగక ఏం చేస్తుంది? కొట్టడానికి మిషను రంపంతో కుర్రాళ్లు వచ్చారు. అప్పుడే పొన్నూరు రోడ్డు వైపు నుంచి మొద్దులు తవ్వే ఒక పెద్దాయన్ని కూడా పిలిపించాం. ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి మా అమ్మతో అన్న మొదటి మాట: "అమ్మా, నేలకంటా కోయించమాకండి. నడుమెత్తు వదిలెయ్యమనండి. మాకు పట్టు అదే."

ఈ ఒక్క మాట తెలీక ఎన్ని ఇళ్లలో డబ్బు పోతోందో. చెట్టు కొట్టేవాళ్లు చాలాసార్లు దుంగలు తీసుకుపోయే ఒప్పందం మీద వస్తారు. దుంగ ఎంత పొడుగుంటే వాళ్లకి అంత లాభం, కాబట్టి నేలకి ఆనించి కోసుకుపోతారు. మిగిలిన మొద్దుకి తాడు కట్టే చోటు ఉండదు, ఊపడానికి పట్టు ఉండదు. ఇక జేసీబీ తప్ప దిక్కులేదనిపిస్తుంది. నడుమెత్తు కాండం మిగిలి ఉంటే, పక్కవేళ్లు తెగాక దానికే మోకు కట్టి, కదిలే పన్నును ఆడించినట్టు అటూ ఇటూ ఆడిస్తూ తల్లివేరు దాకా వదులు చెయ్యొచ్చు.

ఆయన ఆ రోజు గునపం పట్టనే లేదు. ఎండాకాలం రేగడి, పైన వేలు దూరేంత నెర్రెలు. "ఇప్పుడు పొడిస్తే గునపం ఎగిరిపడుద్ది. రేత్రికి నీళ్లు పెట్టండి, సన్నంగా వదలండి, పొద్దున్నే వస్తా" అని వెళ్లిపోయాడు. నీళ్లు ఎక్కువైనా కష్టమేనట, మట్టి పారకి అంటుకుని వదలదు. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఇద్దరొచ్చారు. మొదలుకి దూరంగా చుట్టూ గాడి తీశారు. వేరు తగలగానే నరకలేదు. ముందు చేత్తో మట్టి తీసి, తడిగుడ్డతో తుడిచి, వేరు కింద కూడా చెయ్యి దూరేంత ఖాళీ చేసి, అప్పుడు పాత గొడ్డలి తీశాడు. మట్టితో ఉన్న వేరు మీద వేస్తే గొడ్డలి వాదర పోతుంది. మిషను రంపమైతే గొలుసు అక్కడికక్కడే మొద్దుబారిపోతుంది. ప్రతి వేరునీ రెండు చోట్ల నరికి మధ్య ముక్క తీసేశాడు. ఒక్క చోటే నరికితే ఊపేటప్పుడు రెండు కొసలూ తన్నుకుని మొద్దు కదలదు. చూస్తే చిన్న విషయమే. కానీ ఇలాంటివి తెలిసిన మనిషినే మనం కూలీ అని ఒక్క మాటలో తీసేస్తున్నాం.

గోడకి మరీ దగ్గరున్న వైపు పెద్దాయన తవ్వనన్నాడు. సరైన మాట. పునాది పక్కన లోతు గొయ్యి తవ్వితే కింద మట్టి జారుతుంది. అందులోనూ రేగడి నేలలో చెట్టు ఏళ్ల తరబడి నీళ్లు లాగేసి ఉంటుంది. చెట్టు పోయాక ఆ నేలకి మళ్లీ తేమ పట్టి ఉబ్బుతుంది. గోడలు చీలేది అలాంటి చోటే. కాబట్టి పునాదిని ఆనుకుని ఉన్న వేళ్లని అలాగే వదిలి, వచ్చిన పిలకల్ని తుంచుకుంటూ పోవడమే మేలు. ఆకు లేకపోతే వేరుకి తిండి ఉండదు, కొన్నాళ్లకి అదే చస్తుంది. చచ్చిన వేరుకి చెదలు పడతాయి కాబట్టి అప్పుడప్పుడు గోడ వైపు చూసుకుంటూ ఉండాలి. జేసీబీ పెడితే గంటలో పని అయిపోతుంది నిజమే, పైపులూ ప్రహరీ పునాదీ కూడా దాంతోపాటే కదిలిపోతాయి. ఖాళీ పొలంలో అయితే జేసీబీ పెట్టండి, ఎవరు వద్దన్నారు? నాలుగు గజాల పెరట్లో అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

తర్వాత కట్టెలు. వేప చీలడానికి మొండిది. దాని నార తిన్నగా పోదు, పొర పొరకీ దిక్కు మార్చుకుని పెనవేసుకుని ఉంటుంది. సరుగుడు, సుబాబుల్ కొట్టిన అలవాటుతో వేప మొద్దు నడిమధ్యన ఒక్క దెబ్బ వేస్తే గొడ్డలి ఇరుక్కుని కూర్చుంటుంది. పెద్దాయన అంచుల నుంచి మొదలుపెట్టాడు. చుట్టూ పేళ్లు పేళ్లుగా తీసుకుంటూ లోపలి చేవ దాకా వచ్చాడు. కోసిన ముఖం మీద ఎండకి సన్నటి నెర్రె పడి ఉంటుంది చూడండి, దెబ్బ ఆ నెర్రె మీదే పడాలి. ముడి ఉన్న చోటుని వదిలి రెండో కొస నుంచి కొట్టాలి. ఇరుక్కుంటే ఇనప చీల, సమ్మెట. గొడ్డలి వీపుతో చీలని బాదకూడదు, కామ (పిడికర్ర) దూర్చే బెజ్జం దగ్గర గొడ్డలి చీలిపోతుంది, ఇనప పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది. కింద తప్పకుండా ఇంకో మొద్దు ఉండాలి. ఆ ఎత్తు ఉంటేనే తప్పిన దెబ్బ కాలి మీదికి రాకుండా మొద్దులో దిగుతుంది. మన మాంసం కొట్లలో చింత మొద్దులే ఎందుకు వాడతారంటే, అన్ని దెబ్బలు తిన్నా అది చీలదు, పొట్టు రేగదు. చింత దుంగ ఎవరైనా ఇస్తే పొయ్యిలో పెట్టకండి, కింద పెట్టుకునే మొద్దుగా వాడుకోండి.

రీళ్లు చూసి హవాయి చెప్పులతో గొడ్డలి ఎత్తే కుర్రాళ్లకి చెప్తున్నాను. బూట్లు వేసుకోండి. కళ్లద్దాలు పెట్టుకోండి. కాళ్లు ఎడం చేసి నిలబడండి. కామ వదులుగా ఉంటే ఆ గొడ్డలి అసలు ముట్టుకోకండి, ఎండాకాలం చెక్క ఎండి సన్నబడి తల ఊడి ఎగురుతుంది. మిషను రంపం అద్దెకు దొరుకుతోంది కదా అని తెచ్చుకుని వీడియో చూస్తూ నేర్చుకునే పని మాత్రం వద్దే వద్దు. దాని కొస గట్టి చోట తగిలితే రంపం వెనక్కి, మొహం మీదికే తంతుంది.

పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే. అది కాలదు, పొగుస్తుంది. చీల్చి, గాలి ఆడేలా పేరిస్తే మన ఎండలకి త్వరగానే ఆరుతుంది. చీల్చని దుంగ మాత్రం బెరడు లోపల తేమ పట్టుకుని అలాగే ఉంటుంది. నేల మీద కాకుండా ఇటుకల మీద పేర్చండి, లేకపోతే చెదలు. ఇంటి గోడకి ఆనించకండి. తీసేటప్పుడు ముందు కర్రతో కదిపి చూడండి, తేళ్లు, జెర్రులు చల్లటి చోటు వెతుక్కుని అందులోనే చేరతాయి.

కట్టెల పొయ్యి రోజులు తిరిగి రావాలని మాత్రం నేను అనను. మా అమ్మ ఆ పొగలో కళ్లు నులుముకుంటూ వంట చెయ్యడం చూశాను. 1999లో దీపం పథకంలో గ్యాసు వచ్చాక ఎన్ని ఇళ్లలో ఆ కష్టం తగ్గిందో నాకు తెలుసు. కట్టెలు ఆరుబయట నీళ్లు కాచుకోవడానికి, కార్తీక మాసంలో తోటలో వంటకి, భోగి మంటకి. ఇంత మంచి కట్టె పెరట్లో ఉండగా భోగికి టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక కూలి సంగతి. మొద్దు బయటికి వచ్చాక మా బంధువు ఒకాయన గొయ్యిలోకి తొంగి చూసి, "ఈ మాత్రం గొయ్యికి అంత ఇచ్చారా?" అన్నాడు, ఆ ఇద్దరూ వింటుండగానే. ఏసీ బిగించడానికి వచ్చిన కుర్రాడు గంటలో పని ముగించి బిల్లు ఇస్తే మారు మాట్లాడకుండా ఫోన్లో పంపిస్తాం. నలభై దాటిన ఎండలో గోతిలో దిగి, పైపు పగలకుండా, గోడ కదలకుండా, తల్లివేరు తెగేదాకా తవ్విన మనిషి దగ్గర మాత్రం వంద తగ్గించుకో అంటాం. అది నాకు సిగ్గుచేటుగా అనిపిస్తుంది. ఆ పెద్దాయన కొడుకులు ఈ పని నేర్చుకోలేదు. ఎందుకు నేర్చుకుంటారు? నడుము పోయే పనికి గౌరవం లేదు, డబ్బూ లేదు. రేపు ఇలాంటివాళ్లు దొరక్కపోతే మిగిలేది యాసిడ్ డబ్బాలూ జేసీబీలే.

మొత్తం పనికి ఇంతని గుత్తకి మాట్లాడకండి. నేల కింద ఏముందో మీకూ తెలీదు, ఆయనకీ తెలీదు. వేరు లోతుకి పోతే నష్టమంతా ఆయన మీదే పడుతుంది. రోజు కూలి మాట్లాడండి. తెల్లారి మొదలుపెట్టి పదింటికి ఆపనివ్వండి, మళ్లీ నాలుగింటికి. మధ్యలో నీడ, చల్లటి మజ్జిగ, ఇంట్లో మీరు తినే అన్నమే. దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు మీదేనని ముందే చెప్పండి. కట్టెల్లో ఆయనకి ఏమైనా కావాలేమో అడగండి.

ఆయన నంబరు ఇక్కడ పెట్టను. కావాల్సినవాళ్లు మెసేజ్ పెట్టండి, ఆయన్ని అడిగి ఇస్తాను. కాకపోతే పైన రాసినవన్నీ ఒప్పుకున్నవాళ్లకే ఇస్తాను.