పెరీరా ఎప్పుడు పెర్రీ అయ్యాడు?

మా పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉంటారు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్‌లో. ఇంటిపేరు పెర్రీ. ముత్తాతది పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లోని ఫాయల్. అసలు పేరు పెరీరా అనీ, న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసరు నోరు తిరగక పెర్రీ అని రాసేశాడనీ వాళ్లింట్లో చెప్పుకుంటారు. పదిహేడేళ్లప్పుడు ఓ రాత్రి తిమింగలాల వేట ఓడెక్కి పారిపోయి వచ్చాడన్నది ఇంకో కథ. కిందటి చలికాలమంతా ఆవిడతో కలిసి ఆ కాగితాలు వెతికాను.

మొదటి కథ నిలవలేదు. ఎల్లిస్ ఐలాండ్ తెరిచింది 1892లో. ఆయన అంతకు ముందే మసాచుసెట్స్‌లోనే ఉన్న న్యూ బెడ్‌ఫోర్డ్ రేవులో దిగాడు. పైగా ఎల్లిస్ ఐలాండ్ ఆఫీసర్లు పేర్లు కొత్తగా రాసేవాళ్లు కాదు, ఓడతో వచ్చిన జాబితాతో సరిచూసుకునేవాళ్లు. పేర్లు మారింది ఇక్కడ స్థిరపడ్డాక, మెల్లమెల్లగా. అలాగే రోడ్రిగ్స్‌లు రోజర్స్ అయ్యారు, ఒలివేరాలు ఆలివర్ అయ్యారు.

మరి రెండో కథ? అప్పట్లో పోర్చుగల్‌లో కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలోకి తీసుకునేవాళ్లు. అది తప్పించుకోవడానికి ఎంతోమంది అజోర్స్ యువకులు పాస్‌పోర్టు లేకుండా అమెరికన్ ఓడలెక్కారు. దొంగచాటుగా వెళ్లినవాడికి పాస్‌పోర్టు రికార్డు ఎక్కడ దొరుకుతుంది? న్యూ బెడ్‌ఫోర్డ్ ఓడల సిబ్బంది జాబితాల్లో వయసు, ఎత్తు, ఒంటి రంగు కూడా ఉంటాయి. వాటిలో ఆ పేరుతో ముగ్గురు కనిపించారు. ఈయన ఎవరో తేల్చలేకపోయాం. ఆ రాత్రి ప్రయాణానికి ఇంట్లో మిగిలిన మాటే సాక్ష్యం. కాగితం లేని మాటను పక్కన పడేయాలనే వాళ్లతో నేను ఒప్పుకోలేను.

చివరికి దారి చూపించింది కూడా అలాంటి మాటే. ఊళ్లో చర్చి ఏ సెయింట్ పేరు మీద ఉండేదో వాళ్ల నానమ్మ చెబుతుండేదట. పోర్చుగల్‌లో 1911 దాకా చాలామంది పుట్టుకలు చర్చి పుస్తకాల్లోనే రాసేవాళ్లు. అజోర్స్ పుస్తకాలు చాలావరకు ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడొచ్చు. ఇంటిపేరు పట్టుకుని వెతికితే మాత్రం లాభం లేదు. అక్కడ ఆడపిల్లలకు 'ద జెజూస్' లాంటి భక్తి పేర్లు పెట్టేవాళ్లు, అక్కచెల్లెళ్లకే ఒకే ఇంటిపేరు ఉండకపోవచ్చు. ఊరు తెలియాలి, తల్లిదండ్రుల పేర్లు తెలియాలి. ఆయన బాప్తిజం పేజీ దొరికింది. అందులో అమ్మానాన్నల పేర్లతో పాటు రెండు వైపుల తాతా అమ్మమ్మల పేర్లూ ఉన్నాయి. ఆవిడ ఆ పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే పైకి చదివారు.

ఒప్పందం మీద వెళ్లిన కూలీల సంగతి వేరు. 1878లో ప్రిస్సిల్లా ఓడలో పోర్చుగల్ దీవి మడీరా నుంచి హవాయి చెరకు తోటలకు వెళ్లినవాళ్లకు లెక్కలున్నాయి, యజమానికి లెక్క కావాలి కాబట్టి. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు తీసుకెళ్లిన మనవాళ్లనూ అందుకే రాసుకున్నారు. మారిషస్‌లో తెలుగువాళ్లను కొరంగి రేవు పేరుతో 'కొరింగీలు' అన్నారు. రేవు పేరు నిలిచింది కానీ, ఎన్నో కుటుంబాలకు సొంత ఊరి పేరు మిగల్లేదు.

మనకు పాస్‌పోర్టులు, వీసాలు, గ్రీన్ కార్డులు బోలెడున్నాయి. కానీ మనలో చాలామందికి ఇంటిపేరు వాడుకలో ఒక ఇనిషియల్‌గా మిగిలిపోయింది. కొందరి వీసాల మీదైతే అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్' (పేరు తెలియదు) అని ఉంటుంది. రేపు మన మనవలు ఏది పట్టుకుని వెతుకుతారు? మన సంఘం తెలుగు తరగతుల్లో పిల్లలతో వంశవృక్షం గీయిస్తే, పేర్లతో సరిపెట్టొద్దు. ఏ ఊరు, ఎందుకు వదిలారు, ఈ మాట ఎవరు చెప్పారు అన్నవి కూడా రాయించాలి. చెప్పింది తప్పని తర్వాత తేలినా సరే.

బాప్తిజం పేజీ దొరికిన రోజు ఆవిడ నన్నడిగారు, మీ ముత్తాతది ఏ ఊరని. నాన్నగారి ఊరే చెప్పాను. రాత్రి అమ్మకు ఫోన్ చేస్తే కాదంది. "ఆయన ఆ ఊరికి ఇల్లరికం వచ్చార్రా. ఎక్కణ్నుంచో మీ పెద్దత్తయ్యకైతే తెలుస్తుంది." అత్తయ్యకు తొంభై ఒకటి. ఈ ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తున్నాను.