మార్కులు ఏ యంత్రానికి?

2020 డిసెంబర్ 7న సైబర్‌పంక్ 2077 అనే వీడియో గేమ్ మీద తొలి సమీక్షలు వెలువడ్డాయి. సమీక్షల మార్కులకు సగటు కట్టే మెటాక్రిటిక్ సైటులో అది 90 చుట్టూ తేలింది. మూడు రోజులకు, డిసెంబర్ 10న, గేమ్ కొన్నవాళ్ల చేతికి వచ్చింది. మరో వారానికి సోనీ ఆ గేమ్‌ను ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేస్తున్నామని, అడిగినవాళ్లకు డబ్బు వెనక్కి ఇస్తామని ప్రకటించింది. నూటికి తొంభై తెచ్చుకోవడం, దుకాణంలోంచి బయటికి పోవడం రెండూ పది రోజుల్లోనే జరిగాయి. సమీక్షకులు అబద్ధం చెప్పలేదు. కొన్నవాళ్లూ ఉన్నమాటే చెప్పారు. ఆ రెండు వర్గాలూ ఆడింది ఒకే గేమ్ కాదు, అంతే. సైన్స్ ఫిక్షన్ యాక్షన్ ఆర్పీజీల (ఆటగాడు ఒక పాత్రను ధరించి, ఎంపికలు చేసుకుంటూ ఆడే గేమ్‌ల) మీద వస్తున్న విమర్శను చక్కదిద్దాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలని మా అభిప్రాయం.

ముందుగా సమీక్షకులకు అందింది పీసీ కాపీ. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ అనే గేమ్ కన్సోళ్ల కాపీల పంపిణీ డిసెంబర్ 8న మొదలైందని, అనుకున్నదానికంటే ఆలస్యమైందని పోలండ్‌కు చెందిన నిర్మాణ సంస్థ సీడీ ప్రాజెక్ట్ సహ వ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్‌స్కీ 2021 జనవరిలో విడుదల చేసిన క్షమాపణ వీడియోలో స్వయంగా చెప్పారు. దీనికి తోడు ఇంకో షరతు ఉంది. వీడియో సమీక్షల్లో విమర్శకులు సొంతంగా రికార్డు చేసిన దృశ్యాలు చూపకూడదు, సంస్థ పంపినవే వాడాలి. అంటే పాఠకుడి చెవికి విమర్శకుడి మాట చేరింది కానీ, కంటికి చేరింది అమ్మేవాడి బొమ్మ. ఆ షరతుకు ఒప్పుకున్న పత్రికలు ఆ సంగతిని మొదటి వాక్యంలోనే రాయాల్సింది. కొన్ని రాశాయి. చాలా సమీక్షల్లో అది ఎక్కడో చివరన చిన్న గమనికగా మిగిలింది, లేదా అసలు లేదు. సమీక్షలను పోగుచేసే ఓపెన్‌క్రిటిక్ మాత్రం విడుదల తర్వాత తన పేజీ మీదే హెచ్చరిక పెట్టింది. కన్సోళ్ల మీద గేమ్ అసలు స్థితిని నిర్మాతలు కావాలనే దాచారని అనుమానిస్తున్నట్టు అందులో స్పష్టంగా రాసింది. అది ధైర్యమున్న పని.

అన్ని సమీక్షలూ చేరాక మెటాక్రిటిక్ లెక్క ఇలా నిలిచింది: పీసీకి 86, ఎక్స్‌బాక్స్ వన్‌కు 61, ప్లేస్టేషన్ 4కు 57. కథ ఒకటే, నటులు వాళ్లే, నగరం అదే. తేడా 29 మార్కులు.

ఆ 29 మార్కులు ఎక్కడ పోయాయో చూస్తే విమర్శకుడు ఏం పరీక్షించాలో తెలుస్తుంది. ప్లేస్టేషన్ 4 2013 నాటి యంత్రం. అందులో 1.6 గిగాహెర్ట్జ్ మీద నడిచే ఎనిమిది చిన్న ప్రాసెసర్ కోర్లు, తిరిగే పళ్లెం మీద చదివే హార్డ్ డిస్క్ ఉంటాయి. గేమ్ కథ జరిగే నైట్ సిటీ లాంటి నగరం మొత్తం ఒకేసారి మెమరీలో పట్టదు. ఆటగాడు కదిలేకొద్దీ ముందున్న వీధిని డిస్క్ నుంచి తెస్తూ, వెనకున్నదాన్ని పారేస్తూ ఉండాలి. దీన్నే స్ట్రీమింగ్ అంటారు. నడుస్తున్నప్పుడు డిస్క్ ఎలాగోలా అందుకుంటుంది. కారు వేగం పెరిగితే అందుకోలేదు. అప్పుడు గోడలు అలుక్కుపోయినట్టు మసకగా కనిపిస్తాయి, ఎదుటి వాహనాలు ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతాయి, వీధుల్లో జనం పలచబడతారు. పైగా ఆ జనాన్ని నడిపించే లెక్కలన్నీ ప్రాసెసర్ నెత్తిన పడతాయి. సెకనుకు 30 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. రద్దీ చోట్ల అది 20 ఫ్రేములకు, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోయింది. 20 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 50 మిల్లీసెకన్లు. ఆ స్థితిలో తుపాకీ గురి కుదరదు. ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా చదివే డిస్క్) ఉన్న పీసీ మీద ఆడిన విమర్శకుడు 'కాల్పులు బాగున్నాయి' అని రాస్తే అది నిజమే. హార్డ్ డిస్క్ కన్సోల్ ముందు కూర్చున్నవాడికి మాత్రం ఆ వాక్యం ఎందుకూ కొరగాదు.

ఇవిన్‌స్కీ కూడా తన వీడియోలో ఇదే కారణం చెప్పారు. ముందు పీసీ మీద గేమ్‌ను ఘనంగా కనిపించేలా చేసి, తర్వాత పాత కన్సోళ్లకు సర్దాలనుకున్నామని, ఆ పని ఎంత కష్టమో తక్కువగా అంచనా వేశామని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు వచ్చేసరికి అమ్మకాలు కోటీ ముప్ఫై లక్షల కాపీలు దాటాయి. అందులో 80 లక్షలు విడుదలకు ముందే అమ్ముడైనవి.

పీసీ సమీక్షలనూ ఒకే గాటన కట్టలేం. వాటిలో కొన్ని గొప్ప పని చేశాయి. ఇతరుల అనుభవాలను చూపే బ్రెయిన్‌డ్యాన్స్ కోసం పరికరాన్ని తలకు తగిలించే దృశ్యంలో ఎరుపు, తెలుపు వెలుగులు వేగంగా మిణుకుతాయి. దానివల్ల తనకు మూర్ఛ వచ్చిందని ఒక విమర్శకురాలు విడుదలకు ముందే వివరంగా రాశారు. ఏయే సన్నివేశాల్లో జాగ్రత్త పడాలో చెప్పారు. డిసెంబర్ 11న వచ్చిన 1.04 ప్యాచ్‌లో, అంటే లోపాలు దిద్దే అప్‌డేట్‌లో, సంస్థ ఆ వెలుగులను మార్చింది. ఒక్క వ్యాసం నాలుగైదు రోజుల్లో ఎంతోమంది ఆరోగ్యాన్ని కాపాడింది. విమర్శ ఎందుకని అడిగేవాళ్లకు మేము మొదట చూపించేది దీన్నే.

చాలామంది పట్టుకోలేకపోయిన లోపం ఇంకొకటి ఉంది. పీసీలో సేవ్ ఫైల్ (ఆట ఎంతవరకు వచ్చిందో దాచే ఫైల్) పరిమాణం 8 మెగాబైట్లు దాటితే అది పాడైపోయి, మళ్లీ తెరుచుకునేది కాదు. సంచిలో వస్తువులు, తయారీ సామగ్రి పేరుకునేకొద్దీ ఫైల్ పెరుగుతుంది. గడువులోగా కథ పూర్తి చేయాలని ముఖ్య మిషన్ల వెంట పరిగెత్తే సమీక్షకుడి ఫైల్ ఆ హద్దు దాకా పోదు. మూలమూలా వెతుకుతూ, దొరికిందల్లా దాచుకుంటూ, గంటల తరబడి ఆడే మనిషి ఫైల్ పోతుంది. అంటే గేమ్‌ను ఎక్కువ ప్రేమించినవాడే ఎక్కువ నష్టపోయాడు. డిసెంబర్ 23 నాటి 1.06 ప్యాచ్ ఆ హద్దును తీసేసింది కానీ, అప్పటికే పాడైన ఫైళ్లను బాగుచేయలేదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. ఆటగాడు ఎటైనా తిరిగే ఓపెన్ వరల్డ్ ఆర్పీజీకి ఆ లెక్క పనికిరాదు.

మరి ఎలా పరీక్షించాలి? సమీక్ష తల మీద నాలుగు వివరాలు ఉండాలి: ఏ యంత్రం, డిస్క్ ఏ రకం, గేమ్ వెర్షన్ సంఖ్య ఎంత, ఎన్ని గంటలు ఆడారు. కాపీ ఎవరిచ్చారో, ఏ షరతు మీద ఇచ్చారో కూడా అక్కడే చెప్పాలి. తర్వాత యంత్రాన్ని ఇబ్బంది పెట్టాలి. నగరంలో అత్యంత రద్దీ కూడలిలో ఆగి, కెమెరాను ఒక్కసారిగా వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పి చూడాలి. అంతకుముందు ఉన్న మనుషులే ఉన్నారా, కొత్తవాళ్లు పుట్టుకొచ్చారా? అత్యంత వేగమైన వాహనం తీసుకుని నగరం ఈ కొస నుంచి ఆ కొసకు, వానలో ఒకసారి, రాత్రివేళ ఒకసారి నడపాలి. ఎవరూ లేని చోట చిన్న నేరం చేసి పోలీసులు ఎటునుంచి వస్తారో గమనించాలి. సైబర్‌పంక్ తొలి వెర్షన్‌లో వాళ్లు ఆటగాడి వీపు వెనకే ప్రత్యక్షమయ్యేవారు, కారెక్కితే వెంటాడలేకపోయేవారు. దీన్ని కనిపెట్టడానికి పది నిమిషాలు చాలు. ఒక సేవ్‌లో ఏదీ అమ్మకుండా వస్తువులు పోగేస్తూ పోవాలి. కన్సోల్‌ను ఆపకుండా మూడు నాలుగు గంటలు నడిపి క్రాష్ అవుతుందేమో చూడాలి. మొదటి రోజు ప్యాచ్ వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి అదే సన్నివేశం ఆడాలి.

ఇది యంత్రం సంగతి. ఆర్పీజీ ప్రాణం మాత్రం ఎంపికల్లో ఉంటుంది. పరీక్ష అక్కడ ఇంకా గట్టిగా ఉండాలి. ముఖ్యమైన సంభాషణకు ముందు సేవ్ చేసి, ఒక సమాధానం చెప్పి గంటసేపు ఆడాలి. వెనక్కి వచ్చి రెండో సమాధానం చెప్పి మళ్లీ గంటసేపు ఆడాలి. మారింది ఎదుటివాడి తర్వాతి వాక్యమేనా, లేక దారే మారిందా? సైబర్‌పంక్‌లో నోమాడ్, స్ట్రీట్ కిడ్, కార్పో అని మూడు పుట్టుపూర్వోత్తరాలు ఉన్నాయి. మూడూ కాసేపట్లోనే కథానాయకుడి స్నేహితుడు జాకీతో గడిపిన ఆరు నెలలను గబగబా చూపించే ఒకే వీడియో దగ్గర కలిసిపోతాయి. ఆ తర్వాత తేడా ఎక్కువగా అక్కడక్కడా అదనంగా వచ్చే సంభాషణ వాక్యాలకే పరిమితం. మూడింటినీ మొదలుపెట్టి చూసిన విమర్శకులు దీన్ని రాశారు. ఒక్కదానితో ఆగినవాళ్లు ప్రచారంలోని మాటనే తిరిగి చెప్పారు.

ఎంపికల బరువు అర్థం కాకపోతే ఏమవుతుందో 2012 మార్చిలో వచ్చిన మాస్ ఎఫెక్ట్ 3 చూపించింది. విమర్శకుల మార్కులు ఎక్స్‌బాక్స్ 360 మీద 93. ఆటగాళ్ల ఆగ్రహం మాత్రం ముగింపు మీద. ఈ వరుసలోని మొదటి గేమ్ నుంచి తమ సేవ్ ఫైళ్లను మోసుకొచ్చిన మనుషులకు, అన్ని నిర్ణయాల తర్వాత ఇంచుమించు ఒకేలా కనిపించే ముగింపులు దొరికాయి. ఆ గేమ్‌లో సాంకేతిక లోపాన్ని వెతకడం వృథా. మాట తప్పారన్నదే అక్కడి ఫిర్యాదు. జూన్ 26న నిర్మాణ సంస్థ బయోవేర్ ముగింపును విస్తరిస్తూ ఉచిత అదనపు భాగం ఇచ్చింది. మూడు గేముల సేవ్‌తో ఆడినవాడి అనుభవం, కొత్తగా మొదలుపెట్టినవాడి అనుభవం వేరని సమీక్షల్లో విడదీసి రాసి ఉంటే, ఆ కోపం అంత హఠాత్తుగా కనిపించేది కాదు.

ఇక సగటు సంఖ్య. మెటాక్రిటిక్ అన్ని పత్రికలకూ సమాన బరువు ఇవ్వదు. ఎవరికి ఎంత ఇస్తుందో చెప్పదు. ఐదుకు నాలుగు నక్షత్రాలంటే 80గా మార్చేస్తుంది. అంకె వేయని సమీక్ష ఎంత లోతైనదైనా లెక్కలోకి రాదు. ఇలాంటి సంఖ్య మీద జీతాలు ఆధారపడటం అన్యాయం. అయినా ఆధారపడ్డాయి. 2010లో ఫాలౌట్: న్యూ వేగస్‌ను తయారుచేసిన అబ్సిడియన్‌కు 85 వస్తే బోనస్ అన్నది ఒప్పందం. వచ్చింది 84. సంస్థ సహ వ్యవస్థాపకుల్లో ఒకరైన క్రిస్ అవెల్లోన్ 2012లో దీన్ని బయటపెట్టారు. ఆ గేమ్ విడుదల నాటికి బగ్గులతో నిండి ఉన్న మాట నిజం. అదే గేమ్‌ను ఈ రోజు ఎంపికల విషయంలో ఈ కోవకే కొలమానంగా చూపిస్తున్న మాటా నిజమే. ఆ ఒక్క మార్కు ఆనాటి బగ్గులకు పోయిందా, రచనకు పోయిందా అన్నది సగటులోంచి ఎవరూ విడదీయలేరు. అందుకే మేము కోరేది రెండు మార్కులు: ఒకటి గేమ్ తలపెట్టినదానికి, రెండోది ఆ రోజున ఆ యంత్రం మీద అది నడిచిన తీరుకు.

ఆటగాళ్ల అభిప్రాయాలు చదివేవాళ్లకు ఒక మాట. పీసీ గేమ్‌ల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో రాసినవాడి ఖాతాలో గేమ్ ఉండాలి, ఎన్ని గంటలు ఆడాడో పక్కనే కనిపిస్తుంది. మొత్తం అభిప్రాయం వేరుగా, గత 30 రోజులది వేరుగా ఉంటుంది. ఆ రెంటి మధ్య తేడా కనబడితే ఈ మధ్య ఏదో ప్యాచ్ గేమ్‌ను బాగుచేసిందో, చెడగొట్టిందో అని గ్రహించాలి.

ప్యాచ్‌ల ప్రస్తావన వచ్చింది కాబట్టి పునఃసమీక్ష గురించీ చెప్పాలి. 2022 ఫిబ్రవరి 15న 1.5 ప్యాచ్‌తో ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకు సొంత వెర్షన్ వచ్చింది. 2023 సెప్టెంబర్ 21న వచ్చిన 2.0 గేమ్ ఎముకలనే మార్చింది. శాతాల్లో చిన్న చిన్న పెంపులు ఇచ్చే పాత పెర్కుల (ఆటగాడు ఎంచుకునే సామర్థ్యాల) స్థానంలో ఆటతీరును మార్చే కొత్త పెర్కుల శాఖలు వచ్చాయి. రక్షణ కవచం దుస్తుల నుంచి శరీరంలో అమర్చుకునే సైబర్‌వేర్‌కు మారింది. పోలీసులు వాహనాల్లో వెంటాడటం మొదలుపెట్టారు. ఐదు రోజుల తర్వాత వచ్చిన అదనపు కథా భాగం ఫాంటమ్ లిబర్టీకి విమర్శకులు మనసారా మెచ్చుకోలు ఇచ్చారు, దానికి అది తగినదే. ఇంత మారిన గేమ్‌కు కొత్త సమీక్ష రాయడం పత్రికల బాధ్యత. పాత సమీక్షను దిద్దడం, చెరిపేయడం మాత్రం తప్పు. 2020లో డబ్బు కట్టినవాడు కొన్నది ఆనాటి గేమ్. దాని రికార్డు తేదీతో, వెర్షన్ సంఖ్యతో అలాగే ఉండాలి. కొత్తది దాని పక్కన నిలవాలి.

'చివరికి బాగుపడింది కదా' అన్న మాట ఈ మధ్య తరచూ వినిపిస్తోంది. 2021 జూన్ 21న ప్లేస్టేషన్ స్టోర్‌లోకి గేమ్ తిరిగి వచ్చినప్పుడు మామూలు ప్లేస్టేషన్ 4 మీద ఇబ్బందులు ఉండొచ్చని, ప్రో లేదా 5 మీద ఆడమని సోనీ సూచించింది. 2.0 ప్యాచ్, ఫాంటమ్ లిబర్టీ ప్లేస్టేషన్ 4కు, ఎక్స్‌బాక్స్ వన్‌కు రానే లేదు. ఇప్పుడు అందరూ పొగుడుతున్న గేమ్ ఆ రెండు కన్సోళ్ల మీద లేదు. వాటి కోసం రాసిన 2020 సమీక్షలు ఉన్న ప్రతి పత్రికా ఆ పేజీ పైన ఒక వాక్యం చేర్చాలి: 'తర్వాతి మెరుగుదలలు ఈ యంత్రానికి రాలేదు.' పాత డిస్క్ తక్కువ ధరకు దొరికిందని ఈ రోజు కొనబోయే మనిషి వెతికేది ఆ పేజీనే.