సగం బొమ్మకి మొదటి బహుమతి

గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో టౌన్‌హాలు అనుకోండి. పొద్దున పదింటికి రాష్ట్రస్థాయి సమకాలీన చిత్రలేఖన పోటీకి జడ్జీలు వస్తారు. ముందు రాత్రి పదకొండున్నర దాకా అదే హాల్లో ఎవరిదో రిసెప్షన్. వధూవరుల పేర్లున్న థర్మకోల్ అక్షరాలు స్టేజీ మీద ఇంకా మెరుస్తున్నాయి. నేలంతా ఐస్‌క్రీమ్ జిడ్డు. గోడల వెంట అట్టపెట్టెల్లో, పాత దుప్పట్లలో, ఒకటైతే ఏకంగా పెళ్ళివారి పందిరి గుడ్డలో చుట్టుకుని 180 బొమ్మలు. ఊరి పేరుతో పనిలేదు. ఇలాంటి పోటీ ఎక్కడ పెట్టినా సరంజామా ఇదే, తప్పులూ ఇవే.

కట్టలు విప్పే పని అటెండరుది, అతని మేనల్లుడిది. పోటీ నిబంధనలు నాలుగు పేజీలున్నా వీళ్ళ ఊసు ఎక్కడా ఉండదు. సిడ్నీలో ఆర్చిబాల్డ్ ప్రైజని ఏటా జరిగే పోర్ట్రెయిట్ పోటీలో అలా కాదు, బొమ్మలు విప్పి మోసేవాళ్ళే ఎంచి ఇచ్చే 'ప్యాకింగ్ రూమ్' బహుమతి వేరే ఉంది. అందులో హెడ్ ప్యాకరు ఓటుకి చాలా ఏళ్ళపాటు 52 శాతం విలువ ఉండేది. మిగతావాళ్ళంతా ఒక్కటైనా ఆయన మాటే నెగ్గేది. అదే పని ఇక్కడ 600 రూపాయల బత్తాకి, రెండు ప్లేట్ల ఇడ్లీకి చేయిస్తారు.

విప్పుతుంటేనే సగం కథలు బయటపడతాయి. బబుల్ ర్యాప్ బుడగలు బొమ్మకి మెత్తగా ఉంటాయని చాలామంది లోపలి వైపుకే తిప్పి చుడతారు. యాక్రిలిక్ రంగు ఆరాక కూడా వేడికి మెత్తబడి అంటుకునే రకం. మే నెలలో బస్సు డిక్కీలో ఆరు గంటలు పడుకుని దిగేసరికి బొమ్మ నిండా గుండ్రటి అచ్చులు. జడ్జీల్లో ఒకరు వాటిని చుక్కల శైలి అనుకుని రెండు మార్కులు ఎక్కువ వేసే ప్రమాదం కూడా ఉంది. ముందు గ్లాసిన్ అనే నున్నటి పలచటి కాగితం, దొరక్కపోతే మైనం లేని బటర్ పేపరు, దాని మీద బుడగలు బయటికి ఉండేట్టు ర్యాపు. చెప్పడానికి ఇంతే. ఆయిల్ రంగుల సంగతి ఇంకా దారుణం. చివరి తేదీ రోజున ముగించిన ఆయిల్ బొమ్మ వేలికి అంటకుండా ఆరడానికే వారం నుంచి రెండు వారాలు, లోపలి దాకా గట్టిపడటానికి ఆరు నెలల పైమాట. మోసుకొచ్చినవాడి చొక్కా మీద దానికి రెండో ప్రతి ఉంటుంది.

విప్పినవాటిని ముఖానికి ముఖం, వీపుకి వీపు పెట్టి నిలబెట్టాలి. తొందరలో అన్నిటినీ ఒకే వైపు తిప్పి ఆనిస్తే ఒకదాని వీపుకున్న తగిలించే ఇనప రింగు పక్కదాని బుగ్గలో దిగుతుంది. నొక్కుపడితే కంగారు లేదు. వెనకవైపు తడి స్పాంజితో పలచగా అద్ది ఆరనిస్తే కాటన్ కాన్వాసు బిగుసుకుని చాలావరకు సర్దుకుంటుంది. చిరిగితే మాత్రం సర్దుకోదు. అప్పుడు కన్వీనర్ గారు ఇటలీ చిత్రకారుడు లూచియో ఫొంటానాని తలుచుకుంటారు. ఆయన కాన్వాసుని కావాలనే కోసి పేరు తెచ్చుకున్నాడు కదా అని.

రిజిస్టరు రాసేది కన్వీనర్ గారి బావమరిది. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, అదొక్కటే అర్హత. పేరు, ఊరు, మాధ్యమం, పరిమాణం, శీర్షిక. శీర్షిక గడిలో మూడొంతులు 'అన్‌టైటిల్డ్', మిగతావి 'అంతర్మథనం'. తెలంగాణ వైపు నుంచి వచ్చిన కట్టల్లో పెద్ద బొట్టు, ముదురు రంగు చీరలు, పక్కచూపు చూసే ఆడవాళ్ళు కనీసం పదిమంది ఉంటారు. చిత్రకారుడు తోట వైకుంఠం గారి పల్లె నుంచి దారితప్పి వచ్చారన్నమాట. ఆ బొమ్మలకైనా తల ఎటో మనకి తెలుస్తుంది, అదే సంతోషం.

రాత్రి ఒంటిగంటకి ఒక కట్టలోంచి ఒకే సైజువి రెండు బొమ్మలు వచ్చాయి. ఒక్కోటి 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. ఒకదాంట్లో మట్టిరంగు నీళ్ళ మీద పడవ ముక్కు, కుడి అంచుకొచ్చి పడవ తెగిపోయింది. రెండోదాంట్లో తెడ్డు పట్టుకున్న మనిషి, అతని కింద పడవ తోక ముక్క జానెడు.

"ఈ రెండూ ఒకటేననుకుంటానండీ," అన్నాడు కుర్రాడు.

"నీకెందుకురా, నంబరెయ్యి," అన్నాడు మేనమామ.

దాన్ని డిప్టిక్ అంటారు, జంట ఫలకం. రెండు ముక్కల్నీ అంగుళం రెండంగుళాల ఎడంతో పక్కపక్కన వేలాడదీస్తే ఒక బొమ్మ. ఆ సంగతి దరఖాస్తులో స్పష్టంగా ఉంది. దరఖాస్తు కట్టకి అంటించి ఉంది. కట్ట చింపి మూలన పారేశారు. బావమరిది 61, 62 అని రెండు నంబర్లు వేసి, జాబితా తిరగేసి తల గోక్కున్నాడు.

"ఫీజు ఒక్కదానికే వచ్చిందండీ, 500."

"రెండోది బాకీ అని రాసుకో," అన్నారు కన్వీనర్ గారు నిద్రమత్తులో.

దీనికి విరుగుడు పావలా ఖర్చు లేనిది. దరఖాస్తు కట్టకి కాదు, బొమ్మ వీపుకి అంటించాలి. ప్రతి ముక్క వెనక '2లో 1', '2లో 2' అని, పైకి బాణం గుర్తు, ఏది ఎడమో ఏది కుడో తెలిసేలా అగ్గిపెట్టంత బొమ్మ గీయాలి. రిజిస్టర్లో 61-అ, 61-ఆ అని ఒకే నంబరు కింద ఎక్కించాలి. చిత్రకారులు వెనక కవిత్వం రాస్తారు, ఫోన్ నంబరు రాస్తారు, బాణం మాత్రం గీయరు. తమ బొమ్మకి తల ఎటో ప్రపంచానికంతా తెలుసని వాళ్ళ నమ్మకం. 1961లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో హెన్రీ మతీస్ కాగితాలు కత్తిరించి చేసిన బొమ్మ ఒకటి 47 రోజులు తలకిందులుగా వేలాడింది. చూడటానికొచ్చిన ఒకావిడ చెప్తే గానీ ఎవరికీ తట్టలేదు. దాని పేరు కూడా 'పడవ'. గ్యాలరీలు పడవలకి అచ్చిరావు కాబోలు.

పొద్దున పదిన్నరకి ముగ్గురు జడ్జీలు దిగారు. రిటైరైన ఫైన్ ఆర్ట్స్ ప్రొఫెసర్ గారు, హైదరాబాద్‌లో గ్యాలరీ నడిపే మేడం గారు, స్పాన్సర్ తరఫున ఊళ్ళో పెయింట్లు, హార్డ్‌వేర్ షాపు ఉన్న పెద్దాయన. ఈ మూడో ఆయన్ని చూసి నవ్వుకోనక్కర్లేదు. ఏ రంగు వెలుస్తుందో, ఏది పెచ్చులూడుతుందో ముగ్గురిలో ఆయనకే బాగా తెలుసు. కాకపోతే మొదటి బొమ్మ దగ్గరే "దీనికి ఎన్ని కోట్లు పడింది?" అని అడిగారు. మేడం గారు ధర అనుకుని ఉలిక్కిపడ్డారు.

పేర్లు తెలియకూడదని సంతకాల మీద పేపర్ టేపు అంటించి ఉంది. టేపు రెండు రోజులుంటే పీకేటప్పుడు రంగు పెచ్చు కూడా దాంతోపాటే వస్తుంది, సంతకంతో సహా. చిన్న కాగితం ముక్క వాల్చి, దాని కొసని మాత్రం కాన్వాసు వెనక్కి మడిచి అంటిస్తే సరిపోతుంది. అయినా ఈ గోప్యత ఒక ముచ్చటే. ప్రొఫెసర్ గారు తన శిష్యుల బ్రష్షు దెబ్బని పది గజాల దూరం నుంచి గుర్తుపట్టి, గుర్తుపట్టనట్టు ముఖం పెట్టడం ముప్ఫై ఏళ్ళుగా సాధన చేశారు.

మొదటి రౌండు వడపోత. బొమ్మలు నేల మీదే గోడకి ఆనించి ఉన్నాయి. ముగ్గురిలో ఇద్దరు చెయ్యెత్తితే లోపలికి, లేకపోతే వంటశాలలోకి. తిరస్కరించినవాటిని పెట్టే చోటు అదే, గాడిపొయ్యిల పక్కన. బొమ్మకి అర నిమిషం లెక్కేసుకున్నా 180కి గంటన్నర. నేల మీదున్న చిన్న బొమ్మకి ఇక్కడే అన్యాయం జరుగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న జడ్జి వంగి చూడరు, కళ్ళెత్తు దాకా ఉన్న పెద్ద కాన్వాసుకే చెయ్యెత్తుతారు. రెండున్నర అడుగుల ఎత్తు బల్లలు వరసగా వేస్తే పోయేది. బల్లలున్నాయి కూడా, వాటి మీద పెళ్ళివారి గంగాళాలున్నాయి. దీనికి తోడు రిసెప్షన్ వాళ్ళ ఫోకస్ లైట్లకి గులాబీ రంగు కాగితం ఇంకా తీయలేదు. తూర్పు గోడ మీది బొమ్మలన్నీ ఆరోగ్యంగా, నిగనిగలాడుతూ కనిపించాయి. పడమటి గోడకి తెల్లటి ట్యూబ్‌లైట్లు, అక్కడ మామిడిపండు కూడా పాలిపోయి ఉంది.

61 దగ్గర తూర్పు గోడ అయిపోయింది. 62 నుంచి పడమటి గోడ.

గులాబీ వెలుతురులో పడవ ముక్కు సంధ్యాకాలాన్ని తలపించింది. మూడు చేతులూ లేచాయి. అవతలి గోడ దగ్గర ప్రొఫెసర్ గారు కళ్ళజోడు సవరించుకుని, "ఈ మనిషి దేని మీద కూర్చున్నాడండీ? కూర్పు లేదు," అన్నారు. "కుడి పక్కంతా ఖాళీ వదిలేశాడు," అన్నారు మేడం గారు. పెయింట్ల పెద్దాయన ఒక్కరే రంగు బాగా పట్టిందని చెయ్యెత్తారు. ఒక్క చెయ్యి చాలదు. కుర్రాడు 62ని చంకన పెట్టుకుని వంటశాలకి తీసుకుపోతూ ఒకసారి వెనక్కి తిరిగి 61ని చూశాడు. ఏమీ అనలేదు. రాత్రి తిన్న చీవాట్లు చాలు.

భోజనాలయ్యాక మార్కులు. నూటికి కూర్పు 25, రంగు 25, పనితనం 20, కొత్తదనం 30. ఈ పద్ధతిలో ఒక బొక్క ఉంది. జడ్జీలందరూ ఒకే కొలబద్దతో కొలవరు. పాఠాలు చెప్పినవాళ్ళు జాగ్రత్తగా 68కి, 73కి మధ్యనే తిరుగుతారు. వ్యాపారస్తుడు నచ్చితే 95, నచ్చకపోతే 50. చివరికి పోటీలో 61, 114 మిగిలాయి. ప్రొఫెసర్ గారు 114కి 72, 61కి 70 వేశారు. మేడం గారు 114కి 73, 61కి 69. ఇద్దరికీ 114 నచ్చింది. పెద్దాయన తాతగారికి పడవ ఉండేదట, 61కి 95, 114కి 50. కూడితే 61కి 234, 114కి 195. ముగ్గురిలో ఇద్దరు వద్దన్న బొమ్మ 39 మార్కుల తేడాతో గెలిచింది. మార్కులు మానేసి ఒకటో స్థానం, రెండో స్థానం అని అడిగి ఉంటే 114కి 1, 1, 2, మొత్తం 4. 61కి 2, 2, 1, మొత్తం 5. తక్కువ వచ్చిందే గెలుపు కాబట్టి 114 నెగ్గేది. ఈ లెక్క తెలిసిన కన్వీనర్లు లేకపోలేదు. స్పాన్సర్ ఎదురుగా కూర్చున్నప్పుడు వాళ్ళకి అది గుర్తురాదు.

ఫలితం తేలాక కారణాలు రాయాలి. వరస అదే, ఎప్పుడూ అదే. ప్రొఫెసర్ గారు కలం తీసి, "నడిపేవాడు లేని పడవలో మనిషి లేమిని చిత్రించిన తీరు అపూర్వం," అని రాశారు. అప్పటికప్పుడు డీటీపీకి పంపి ప్రశంసాపత్రం అచ్చేయించారు, ఫ్లెక్సీ మీదా అదే వాక్యం.

ఇక ఎంపికైన 40 బొమ్మలు వేలాడదీయాలి. బొమ్మ నడిమధ్య నేల నుంచి 58 అంగుళాల ఎత్తున ఉంటే నిలబడి చూసేవాళ్ళకి సరిపోతుంది. మేకు ఎత్తు కావాలంటే 58కి బొమ్మ ఎత్తులో సగం కలిపి, తీగ బిగిసినప్పుడు పై అంచు నుంచి ఎంత కిందికి ఉంటుందో అంత తీసేయాలి. 36 అంగుళాల బొమ్మకి తీగ 4 అంగుళాలు కిందికుంటే 58 కలిపి 18, అందులోంచి 4 పోతే 72. నేల కడగడానికి వీలుగా టౌన్‌హాలు గచ్చు ఒకవైపుకి వాలు. ప్రతి బొమ్మకీ నేల నుంచి టేపు పెట్టి కొలిస్తే వరస మొత్తం గుమ్మం వైపుకి జారుతుంది. ఒక్కచోటే కొలిచి, మిగతా అంతా తాపీమేస్త్రీల నీళ్ళ పైపుతో మట్టం పట్టాలి. కార్పెంటరు పట్టాడు కూడా, వరస బ్రహ్మాండంగా కుదిరింది. మొదటి బహుమతి సరిగ్గా స్విచ్‌బోర్డు పక్కన వచ్చింది.

సాయంత్రం నాలుగింటికి వంటశాలలో బొమ్మలు కట్టలు కడుతూ కుర్రాడు ఉండబట్టలేక 62ని ఎత్తుకొచ్చి 61 పక్కన పట్టుకుని నిలబడ్డాడు. తెగిన పడవ అతుక్కుంది. మనిషికి ఆసరా దొరికింది. హాల్లో సీలింగ్ ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఇది మన ఊళ్ళకే దక్కిన ఘనత కాదు. 2006లో లండన్ రాయల్ అకాడమీ వేసవి ప్రదర్శనకి డేవిడ్ హెన్సెల్ అనే శిల్పి నవ్వుతున్న తలకాయ ఒకటి, అది నిలిపే పీఠం ఒకటి పంపాడు. రెండూ విడిపోయాయి. అకాడమీ వాటిని రెండు వేర్వేరు శిల్పాలుగా చూసి తలకాయని తిరస్కరించి, పీఠాన్ని ప్రదర్శనకి పెట్టింది. 1769 నుంచి ఏటా ప్రదర్శన నడుపుతున్నవాళ్ళే అలా చేస్తే బావమరిదిని ఏమనగలం?

కన్వీనర్ గారు తేరుకుని రెండోదాన్నీ గోడకెక్కించమన్నారు. కుడివైపు వేరే బొమ్మ, ఎడంవైపు స్విచ్‌బోర్డు అడ్డు కాబట్టి కార్పెంటరు బోర్డుకి అవతల ఖాళీ ఉన్న చోట చూసి ఎక్కించేశాడు. ప్రొఫెసర్ గారు పత్రంలో 'మనిషి లేమిని' కొట్టేసి పైన 'మనిషి ఉనికిని' అని చేత్తో రాశారు. మిగతా వాక్యంలోని 'నడిపేవాడు లేని' అలాగే ఉండిపోయింది. "ఇప్పుడు నా 95 తగ్గించుకోవచ్చాండీ?" అని పెద్దాయన మెల్లిగా అడిగారు. ఫ్లెక్సీ కట్టేశారని చెప్పారు.

ఆరింటికి చిత్రకారుడు వచ్చాడు. గోడ వైపు చూశాడు. స్విచ్‌బోర్డుకి ఎడంపక్క తెడ్డు పట్టిన మనిషి, కుడిపక్క పడవ ముక్కు. ముక్కలు అటూ ఇటూ మారి, పడవ మూతి ఫ్యాన్ రెగ్యులేటర్ మీదుగా వచ్చి దాని తోకనే గుద్దబోతోంది. అతను నోరు తెరిచాడు. అంతలో శాలువా భుజాన పడింది, చేతికి చెక్కు వచ్చింది, మళ్ళీ మూశాడు.

స్టేజీ దిగేసరికి మెట్ల దగ్గర బావమరిది రిజిస్టరు తెరిచి పట్టుకుని ఉన్నాడు.

"నమస్కారమండీ. 62 తాలూకు 500 బాకీ ఉండిపోయింది."