రోసెటా ఒక్కదాన్నే తిడితే ఎలా?
యాపిల్ సొంత ఎమ్1 చిప్ ఉన్న మ్యాక్‌కి మారాక పాత ఇంటెల్ సాఫ్ట్‌వేర్ క్రాష్ అవుతోందంటే తప్పంతా, ఆ ప్రోగ్రాముల్ని కొత్త చిప్‌కి అనువదించి నడిపే యాపిల్ సాఫ్ట్‌వేర్ రోసెటా 2దేనని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. సగమే నిజం. ఏవీఎక్స్ ఇన్‌స్ట్రక్షన్లు (భారీ లెక్కల్ని వేగంగా చేయడానికి ఇంటెల్ చిప్‌లలో ఉండే ఆదేశాలు) మొదట్లో దానికి తెలియవు, ఉన్నాయో లేవో చూసుకోకుండా వాడిన ప్రోగ్రాములు కుప్పకూలిన మాట వాస్తవమే. కానీ నేను చూసినంతలో అసలు పేచీ ప్లగిన్లతోనే, అంటే యాప్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములతోనే. ఒకే ప్రాసెస్‌లో (నడుస్తున్న ఒక ప్రోగ్రాములో) ఆర్మ్ కోడూ, అంటే ఎమ్1 లాంటి చిప్‌ల కోడూ, ఇంటెల్ కోడూ కలిసి నడవవు. యాప్ కొత్త చిప్‌కి మారిపోయి ప్లగిన్ పాతదే ఉంటే, దాన్ని విడిగా నడిపే ఏర్పాటు యాప్‌లో లేకపోతే, అది లోడే కాదు. మా ఆడియో స్టూడియోలో అలాగే ఎడిటర్ అప్‌డేట్ చేయగానే రివర్బ్ (ప్రతిధ్వని) ప్లగిన్ జాబితాలోంచి మాయమైంది. సాయంత్రానికి మిక్స్ ఇవ్వాలి, ఒకటే టెన్షన్. ఎడిటర్ గెట్ ఇన్ఫోలో ‘ఓపెన్ యూజింగ్ రోసెటా’కి టిక్ పెడితే తిరిగొచ్చింది, కాస్త నెమ్మదించిందనుకోండి. ఆడియో కార్డు డ్రైవర్ మాత్రం ఆ కిటుక్కి లొంగలేదు. అది కెర్నల్ ఎక్స్‌టెన్షన్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగంలో కలిసి నడిచేది; అలాంటివాటిని రోసెటా అనువదించదు మరి. కొత్త డ్రైవర్ వచ్చేదాకా రికార్డింగంతా పాత ఇంటెల్ మ్యాక్ మీదే. మ్యాక్‌ఓఎస్ 27 తర్వాత రోసెటాని చాలావరకు తీసేస్తామని యాపిల్ 2025లోనే చెప్పేసింది. ఇంకా ఇంటెల్ ప్లగిన్లే అమ్ముతున్న కంపెనీలను ముందు నిలదీయండి.