నిద్రపోనివ్వని బ్యారన్

ప్రకాశం జిల్లా మెట్ట ఊళ్లలో గుడి గోపురంతో పోటీపడే ఎత్తున్న కట్టడం పొగాకు బ్యారన్, అంటే పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే కొట్టు. కిటికీ లేదు, అరుగు లేదు. సీజన్లో దానికి జరిగే మర్యాద మాత్రం కొత్తల్లుడికి కూడా జరగదు.

దాని వంశచరిత్ర గొప్పది. 1839లో నార్త్ కరోలినాలో స్టీఫెన్ అనే బానిస ఆకు ఆరబెడుతూ కునుకు తీశాడట. లేచి చూస్తే నిప్పు ఆరిపోతోంది. హడావిడిగా కమ్మరి బొగ్గులు తెచ్చి పోస్తే, ఆ వేడికి ఆకు పసుపుముద్దలా తేలింది. అలా కునుకులో పుట్టిన విద్య 1920ల్లో గుంటూరు నల్లరేగడికి చేరి, రైతు కునుకు లాగేసుకుంది.

బ్యారన్ సాధారణంగా 16 అడుగుల పొడవు, అంతే వెడల్పు. ఆకు అల్లిన కర్రలను లోపలి వాసాల మీద వరసలు వరసలుగా ఎక్కిస్తారు. పొయ్యి బయట, రేకు గొట్టాలు లోపల. వేడి ఆకుకి, పొగ చిమ్నీకి. గొట్టానికి చిల్లు పడి పొగ తగిలిందా, సరుకు చెడింది. పొగాకుకి పొగ పడదు మరి!

తొలి రోజున్నర కిటుకంతా తేమలోనే. గాలి కంతలు మూసి, 90 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆకును పసుపు తిప్పాలి. తొందరపడి వేడి పెంచితే పచ్చ అలాగే బిగుసుకుపోతుంది. తేమ బయటికి వదలడం ఆలస్యమైతే ఆకు గోధుమరంగుకి తిరుగుతుంది. తర్వాత మెల్లగా 120, 140. చివర ఈనె ఎండడానికి 160. అయిదారు రాత్రులు థర్మామీటర్ ముందు జాగారం, శివరాత్రికి ఒక్కరాత్రే! ఎండిన ఆకు ఒకటి రాలి కాలుతున్న గొట్టం మీద పడితే, పంటా కప్పూ కలిపి హోమం. అందుకే గొట్టాల మీద ఇనుప వల. కిలో పొగాకుకి నాలుగైదు కిలోల కట్టె కాలుతుంది. అడవి ఎందుకు పలచబడిందని మళ్లీ మనమే సదస్సులు పెడతాం.

1976లో గుంటూరులో పొగాకు బోర్డు వెలిశాక బ్యారన్‌కి రిజిస్ట్రేషన్ హోదా దక్కింది. ఎంత పండించాలో ఇప్పుడు బ్యారన్‌ని బట్టి లెక్క. పొలం పక్కవాడిదైనా ఫర్వాలేదు, బ్యారన్ ఉంటే మీరు రైతే. అది లేనివాళ్లు కౌలుకి వెతుక్కుంటారు.

పొగాకు మానేసినచోట బ్యారన్లో చొప్ప దాస్తున్నారు, మేకల్ని కడుతున్నారు. మేకలు మాత్రం సాయంత్రమే పడుకుంటున్నాయి.